తెర వెనక స్టూలు

ఎర్ర బల్బును విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించింది ఆమె. మిషన్ మీద దుమ్ము దులపడం, పిల్లలు కూర్చునే కుర్చీని నేల మీద సుద్దగీతకు సరిగ్గా జరపడం అప్పటికే అయిపోయాయి. ఇక బల్ల మధ్యలో నిలబెట్టిన నల్ల చెక్కతెర ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా తుడిచి, వెనక తన స్టూలు మీద కూర్చుంది. స్టూలు కిర్రుమంది.

అది కాలేజీలో మనస్తత్వశాస్త్రం ప్రయోగశాల. పేరు పెద్దది, గది చిన్నది. తెరకు ఇటు ఆమె, అటు పరీక్షకు కూర్చునే పిల్లలు. ఆమె "రెడీ" అంటుంది. తెర వెనక అంటించిన కాగితంలో ఉన్నట్టు ఒకసారి మూడు సెకన్లు, ఒకసారి ఒకటి, ఒకసారి నాలుగు ఆగి, ముందుకు వంగి మీట నొక్కుతుంది. బల్బు వెలుగుతుంది. వెలుగు కనపడగానే అవతలివాళ్ళు బటన్ నొక్కాలి. వెలుగుకీ వేలికీ మధ్య పట్టిన కాలాన్ని మిషన్ సెకనులో వెయ్యో వంతు దాకా చూపిస్తుంది. అంకె ఎంత తగ్గితే మనిషి అంత చురుకు. ఎప్పుడు వెలుగుతుందో వాళ్ళకు ముందుగా తెలియకూడదు. అందుకే ఆ తెర.

ఇరవై ఆరేళ్ళుగా ఆమె రోజంతా అనేది ఆ ఒక్క మాటే కాబట్టి అదే పేరైపోయింది. మొదట్లో పిల్లలు రెడీ అక్క అన్నారు. కొన్నేళ్ళకు రెడీ పిన్ని అయింది. ఈ ఏడు వచ్చినవాళ్ళలో ఒకడు రెడీ అమ్మమ్మా అని పిలిచాడు.

"ఒరేయ్, మధ్యలో పెద్దమ్మను మింగేశావేంట్రా!" అని నవ్వింది గానీ, ఆ రోజు ఇంటికి వెళ్ళి అద్దంలో చాలాసేపు చూసుకుంది.

ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే. తల్లి పదకొండేళ్ళు మంచాన పడి, ఎనిమిదేళ్ళ క్రితం పోయింది. చివరి రోజుల్లో ఆవిడకు నోరు కూడా పడిపోయింది. మంచం ఒకసారి కిర్రుమంటే దాహమని, రెండుసార్లు కిర్రుమంటే పక్కకు తిప్పమని. ఆ చప్పుళ్ళు తప్ప ఆ ఇంట్లో వేరే మాటల్లేవు. ఇప్పటికీ ఏ తలుపు మూలిగినా నిద్దట్లో ఆమె లేచి కూర్చుంటుంది.

పక్క గదిలో మాస్టారి పాఠం మొదలైంది. గోడలోంచి ప్రతి మాటా వినిపిస్తోంది. ఏటా కొత్త పిల్లలకు ప్రయోగాలు మొదలుపెట్టే ముందు చెప్పే పాఠమే అది. ఆమె పెదవులు కూడా మాస్టారితో పాటే కదిలాయి.

"పూర్వం మనసు గురించి కూర్చుని ఆలోచించేవాళ్ళు, వాదించుకునేవాళ్ళు. కొలిచేవాళ్ళు కాదు. నూటపాతికేళ్ళ పైమాటే, కొందరు గదిలో గడియారం పెట్టుకుని, మనసు చేసే పనిని కూడా కొలవొచ్చన్నారు. అప్పటి నుంచి ఇది సైన్సయింది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కొలిచేవాడి నీడ కొలత మీద పడకూడదు. పడిందా, మీరు కొలిచింది అవతలివాణ్ణి కాదు, మిమ్మల్నే."

ఈ మధ్య ఆయన గొంతులో హుషారు పెరిగింది. ఈ గదిలో ఇరవై ఆరేళ్ళుగా రాసిన అంకెలన్నీ పుస్తకంగా రాబోతున్నాయి. వేరే కాలేజీల్లో రెండు వందలు దాటే అంకె ఇక్కడ నూట అరవై దగ్గరే ఆగుతుంది. మన పిల్లల చురుకు వేరు అని ఆయన రుజువు చేశారు. అచ్చుకు వెళ్ళే కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. మొదటి పేజీలో కృతజ్ఞతలు చెప్పిన చోట ఆమె పేరుంది. రోజుకోసారి చెయ్యి కడుక్కుని వచ్చి ఆ పేజీ చూసుకుంటోంది.

పాఠం అయ్యాక పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. తెర వెనక నుంచి ఆమెకు ముఖాలు కనిపించవు. బల్ల కింద పాదాలు కనిపిస్తాయి, అంతే. ధైర్యంగా ఉన్నవాళ్ళ పాదాలు ఊగుతుంటాయి. భయపడేవాళ్ళ వేళ్ళు నేలను పట్టుకుంటాయి. అలాంటి పాదాలను చూస్తే ఆమెకు జాలి. 

"రెడీ."

కిర్రు. వెలుగు. టక్.

"నూట నలభై ఎనిమిది! రాసుకోండ్రా చరిత్రలో!" అని అరిచాడు అమ్మమ్మా అని పిలిచినవాడు.

చివరగా ఒక పిల్ల వచ్చింది. చిన్నప్పటి జ్వరంలో చెవులు దెబ్బతిన్నాయని, గట్టిగా మాట్లాడితేనే వినిపిస్తుందని మాస్టారు ముందే చెప్పారు. పిల్ల పాదాలు చూసింది ఆమె. పది వేళ్ళూ నేలలోకి దిగబడినట్టున్నాయి.

"రెడీ!" అంది గట్టిగా.

రెండు వందల యాభై ఆరు. మళ్ళీ రెండు వందల నలభై ఎనిమిది. మళ్ళీ రెండు వందల అరవై.

"ఒసేయ్, బల్బు వెలిగింది ఇవాళే, రేపు కాదు" అన్నాడు వాడు. అందరూ నవ్వారు. ఆ పిల్లకు మాట వినపడలేదు. నవ్వు మాత్రం కనపడింది.

ఆమె తెలియకుండానే స్టూలు మీద బరువంతా వేసి వంగింది. స్టూలు గది దద్దరిల్లేలా మూలిగింది. రెండు వందల యాభై ఒకటి.

అప్పుడామె చెయ్యి మీట మీదే ఆగిపోయింది. తను ఎందుకంత బరువు వేసింది?

మాస్టారు అంకెలు చూసి, పిల్ల ఎదుట నిలబడి, పెదవులు కనపడేలా నిదానంగా చెప్పారు. "నీ మెదడు కాస్త నెమ్మదమ్మా. తప్పేం లేదు. కానీ ఈ ప్రయోగాల కోర్సు నీకు కష్టం. కాగితం రాసిస్తాను, సాయంత్రం ఆఫీసు మూసేలోపు ఇచ్చి వేరే కోర్సుకు మారిపో."

మధ్యాహ్నం చేతులు కడుక్కునే చోట ఆ పిల్ల ఒక్కతే నిలబడి ఉంది. పంపు తిప్పే ఉంది, నీళ్ళు పోతున్నాయి. ఆమె వెళ్ళి కట్టేసి, పిల్ల ఎదుట నిలబడి గట్టిగా అడిగింది.

"అన్నం తిన్నావా తల్లీ?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఇంట్లో నన్ను మొద్దు అనే పిలుస్తారు పిన్నీ. చెవులు వినపడకపోతే మొద్దు కాదని మా నాన్నతో పోట్లాడి ఇక్కడ చేరాను. ఇప్పుడు మిషన్ కూడా అదే చెప్పింది. మిషన్‌తో ఏం పోట్లాడను?"

ఆమె పిల్ల తడి చేతులను కొంగుతో తుడిచింది. ప్రయోగశాలకు తిరిగి వచ్చి, ఖాళీ గదిలో తెర వెనక కూర్చుని మెల్లగా ముందుకు వంగింది. ముందు కిర్రు. తర్వాత మీట. మళ్ళీ వంగింది. ముందు కిర్రు. తర్వాత మీట.

స్టూలు బాగుచేస్తానని వడ్రంగి రెండుసార్లు వచ్చాడు. "నాకు అలవాటైపోయిందిలే నాయనా" అని రెండుసార్లూ పంపేసింది. ఎందుకు పంపిందో అప్పుడు ఆలోచించలేదు. 

నాలుగు కావస్తుండగా మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళింది. పిల్ల కాగితం అక్కడే ఉంది, సంతకం కోసం.

"మాస్టారూ, చెవుల్లో దూది పెట్టుకుని ఒకసారి కూర్చుంటారా?"

"నీకేమన్నా మతి పోయిందా?"

"ఒక్కసారి, మాస్టారూ. ముందు దూది లేకుండా, తర్వాత దూదితో."

ఇన్నేళ్ళలో ఆమె ఆయన్ని ఏదీ అడగలేదు. అందుకే కాబోలు, లేచి వచ్చి కూర్చున్నారు. దూది లేకుండా పదిసార్లు. సగటున నూట డెబ్భై. తర్వాత చెవుల్లో దూది పెట్టించి, దూది మీద ఆమే గట్టిగా గుడ్డ కట్టింది. "రెడీ" అని అరిచింది. పదిసార్లు.

రెండు వందల అరవై రెండు.

మాస్టారు గుడ్డ విప్పుకున్నారు. తెర పక్కకు జరిపి స్టూలును చూశారు. చేత్తో దాని మీద ఒత్తారు. కిర్రుమంది. మళ్ళీ ఒత్తారు. మళ్ళీ కిర్రుమంది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"స్టూలుకు ఎప్పటి నుంచో తెలుసు, నా ఒంటికీ తెలుసు మాస్టారూ. నాకు తెలిసింది ఇవాళే. భయపడే పిల్లలకు ఇంకాస్త గట్టిగా వంగేదాన్ని."

ఆయన పిల్ల కాగితాన్ని నాలుగు ముక్కలు చేశారు. అచ్చు కాగితాల దొంతర దగ్గరికి లాక్కుని, మొదటి పేజీ మీద అడ్డంగా ఒక గీత గీశారు. రెండో పేజీ మీద గీశారు. మూడో పేజీ దగ్గర పెన్ను ఆగింది. కోప్పడతారేమోనని ఆమె ఎదురుచూసింది. కోప్పడినా బాగుండేది.

"రేపటి నుంచి లైబ్రరీలో పని చూసుకోమ్మా" అన్నారు, ఆమె వైపు చూడకుండా. "ఇక్కడికి రావద్దు."

"అలాగే మాస్టారూ. ఆ పిల్లకు మీరే చెప్పాలి. మొద్దు కాదని. మిషన్ చెప్పిందని చెప్పండి."

ఆయన తల ఊపారు.

తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, బల్బు తుడిచే గుడ్డను మడిచి పక్కన ఉంచింది. గుమ్మం దగ్గర అలవాటుగా వెనక్కి తిరిగి, సుద్దగీత మీంచి కుర్చీ జరిగి ఉండడం చూసి కూడా సరిచెయ్యకుండా వెళ్ళిపోయింది.

ఆఫీసు గంట కొట్టారు. మాస్టారు కిటికీలు మూసి, పిల్లను వెతుక్కుంటూ బయటికి నడిచారు. తెర పక్కన మిగిలిన పాత కొయ్య స్టూలు, ఎవరూ కూర్చోకపోయినా, ఎదురుగా ఎవరూ లేకపోయినా, చల్లబడుతున్న గదిలో దానంతట అది ఒకసారి కిర్రుమంది.