వెనక నిలబడ్డ మనిషి

గుడ్డ కొసలు మడిచి, బిడ్డ చేతులు రెండూ గుండెల మీదికి చేర్చి, మిగిలిన కొసను వీపు కిందికి దోపింది ఆయమ్మ. చుట్టడం అయిపోయింది. అయినా గుడ్డ లోపల వాడు వణుకుతూనే ఉన్నాడు. గడ్డం అదురుతోంది. నోరు తెరుచుకుంది కానీ ఏడుపు ఇంకా బయటికి రాలేదు. అది వచ్చేలోపే ఎత్తుకుంది.

పట్టపగలే ఆసుపత్రిలోని ఆ గదిలో తెరలు దించి ఉంటాయి. ఇలా వణికే పిల్లలకు వెలుతురు పడదు, చప్పుడు పడదు. డాక్టరమ్మ గొంతు కాస్త పెంచినా సరే, ఆయమ్మ వేలు పెదాల మీద పెట్టి "ఉష్" అంటుంది. అందుకే నర్సులు ఆమెకు ఉష్ పెద్దమ్మ అని పేరు పెట్టేశారు. అసలు పేరు జీతమిచ్చే గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆమెకూ దానితో పెద్దగా పని పడలేదు.

మిగతా ఆయాలు ఆ గదంటే జంకుతారు. "ఎవరో కాళ్లు పట్టుకుని ఊపుతున్నట్టుంటుంది, చూళ్లేం బాబూ" అంటారు. ఈమెకు ఆ జంకు లేదు. అయితే బిడ్డను దించాక కూడా వణుకు ఆమె చేతుల్లో మిగిలిపోతోంది. బస్సులో ఒళ్లో పెట్టుకున్న చేతులు వాటంతటవే కదులుతున్నాయి. ఆ పొద్దున తమ్ముడి ఇంట్లో టీ గ్లాసు పళ్లేనికి తగిలి టకటకలాడింది. "ఏంటి వదినా, చేతులకి జడుపు పట్టిందా?" అని మరదలు నవ్వింది. మొగుడు పోయి తమ్ముడి పంచన చేరినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమెది అదే గ్లాసు, అదే మూల. పిల్లలు కలగలేదు. ఆసుపత్రిలో ఎత్తుకున్న పిల్లలకు లెక్కే లేదు, కానీ వాళ్లలో ఒక్కరికీ ఆమె గుర్తుండదు. ఆ వయసు అలాంటిది. ఆ సంగతి ఆమెను లోలోపల తొలిచేది.

ఈ బిడ్డ తల్లి బట్టల కార్ఖానాలో గుండీలు కుడుతుంది. భయం తగ్గడానికి మాత్రలు వాడేది. కడుపుతో ఉన్నన్నాళ్లూ వేసుకుంది, పిచ్చిదంటారని ఎవరికీ చెప్పలేదు. పుట్టిన బిడ్డ వణుకు చూసి డాక్టరమ్మ మెల్లగా అడిగితే అప్పుడు బయటపెట్టింది.

డాక్టరమ్మ తిట్టలేదు. "నీ రక్తంలోంచి వాడికీ ఆ మందు అందేది. ఇప్పుడు అందట్లేదు, అందుకే ఈ గొడవంతా. కొన్ని వారాల్లో సర్దుకుంటాడు. నువ్వు మాత్రం నన్నడక్కుండా మాత్రలు టక్కున మానెయ్యకు" అంది. తల్లి అన్నిటికీ తలూపింది, ఒక్కటీ నమ్మలేదు. తన భయమే బిడ్డలోకి దిగిందని ఆమె అనుకుంటోంది.

ఆవేళ ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆయమ్మ బిడ్డను ఒళ్లో పెట్టి, కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడింది. చేతులు మారగానే వాడు బిగుసుకుపోయాడు. కత్తితో పళ్లెం గీసినట్టు సన్నగా ఏడుపు. పాలు తాగలేదు. మెడ తిప్పి, తల్లి భుజం మీదుగా ఆ మసక చీకట్లోకి చూడసాగాడు.

"మళ్లీ చూస్తున్నాడు." అంది తల్లి, వెనక్కి తిరక్కుండానే. "రోజూ ఇంతే. నా వెనకాల ఎవరో ఉన్నారు పెద్దమ్మా. వీడికి కనిపిస్తున్నారు."

"ఎవరూ లేరమ్మా."

"ఉన్నారు. చిన్నప్పట్నుంచీ నా వెనకాలే తిరుగుతోంది అది. ఇప్పుడు వీడి మీద పడింది. సాయంత్రం మా అక్క వస్తోంది, వీణ్ణి తీసుకెళ్లి పెంచుకోమంటా. నా దగ్గర లేకపోతేనే వీడు బతుకుతాడు."

ఆయమ్మ బిడ్డ చూపు వెంట చూసింది. ఒక అడుగు పక్కకు వేసింది. బిడ్డ తల అటు తిరిగింది. ఇవతలికి వచ్చింది. తల ఇటు తిరిగింది. ఆ వెనక ఉన్నది తనే.

తల్లి ఒంటిమీది గుడ్డ ఒకటి ఉయ్యాలలో బిడ్డ తల దగ్గర పెట్టడం ఆ గదిలో అలవాటు. ఆ వాసనకు పిల్లలు కుదుటపడతారు. ఈ తల్లీ ఒక తువ్వాలు తెచ్చింది. కానీ మురికి తగులుతుందేమోనని ఉతికి, మళ్లీ ఉతికి, వేడినీళ్లలో ముంచి మరీ తెచ్చింది. దానికి సబ్బు వాసన తప్ప మనిషి వాసన లేదు. మొదట్లో ఒకనాడు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే చూడలేక, ఆయమ్మ తను కట్టి విడిచిన పాత బట్టలోంచి ఒక పేలిక చింపి దాని కింద దూర్చింది. జాలిపడే చేసింది. తర్వాత జాలి ఒక్కటే కాలేదు. వాడు తన వైపు మెడ తిప్పినప్పుడల్లా ఆమెకు ప్రాణం లేచివచ్చేది. ఇన్నేళ్లకు ఒక్కడైనా గుర్తుపట్టాడని మురిసిపోయేది.

ఆమె ఉయ్యాలలోంచి ఆ పేలిక లాగి తల్లికి చూపించింది. "నీ వెనకాల ఉన్నది నేనేనమ్మా. ఇది నా బట్ట. వాడు దీనికి అలవాటుపడ్డాడు. తప్పు నాది."

తల్లి పేలికనూ ఆమెనూ మార్చి మార్చి చూసింది. "నువ్వా?" అని నవ్వబోయింది, అంతలోనే కోపం ముంచుకొచ్చింది. "ఇన్నాళ్లూ నేను చచ్చిపోతున్నా కదా! చెప్పొచ్చుగా!"

"తెలీలేదు తల్లీ. తెలుసుకోవాలనీ అనుకోలేదు." ఆయమ్మ కళ్లు తుడుచుకుంది. "నువ్వు కప్పుకున్న శాలువానే చుట్టు. గుండీలు విప్పి గుండెకి ఆనించుకో. వాడు వణికితే వణకనీ, నువ్వూ వణుకు, ఏం ఫర్వాలేదు. నేను మాత్రం ఇక్కడుండకూడదు."

బయటికొచ్చి తలుపు మూసింది. లోపల ఏడుపు తారస్థాయికి వెళ్లింది. పెద్ద నర్సు పరుగెత్తుకొచ్చింది.

"లోపలికెళ్లు పెద్దమ్మా! నువ్వైతేనే ఊరుకుంటాడు."

"అదేనమ్మా అసలు జబ్బు. నన్ను పైన ముసలాళ్ల వార్డులో వెయ్యి. ఈరోజే."

"సరే, వీడు ఇంటికెళ్లాక వద్దువుగాని."

"రాను. ఇంకొకణ్ణీ ఇలాగే చేస్తాను."

ఏడుపు తెగింది. మళ్లీ మొదలైంది, ఈసారి నీరసంగా. కాసేపటికి చప్పరింపు వినిపించింది. నర్సు తలుపు అద్దంలోంచి చూసి, "శాలువా కింద ఇంకా వణుకుతున్నాడు గానీ, తాగుతున్నాడు" అంది. ఆయమ్మ చెయ్యి తలుపు పిడి దాకా వెళ్లి ఆగింది. చూడాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయింది. చూడలేదు.

వరండాలో రెండడుగులు వేసింది. చెప్పులు టపటపమన్నాయి. లోపల చప్పరింపు ఆగిపోయింది. వాడు వింటున్నాడు. ఆమె తలుపు వైపు తిరిగి, ఊపిరి బిగబట్టి, అక్కడే నిలబడిపోయింది. చాలాసేపటికి చప్పరింపు మళ్లీ మొదలయ్యాక, చెప్పుల్లోంచి ఒక్కొక్క కాలూ మెల్లగా తీసి, వట్టి కాళ్లతో మెట్లెక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం వచ్చిన అక్క బిడ్డను తీసుకోకుండానే వెళ్లింది. తలుపు ముందు నీలం రబ్బరు చెప్పులు రెండు, ఒకదాని పట్టీకి పిన్నీసు, ఎవరో ఇప్పుడే లోపలికి వెళ్లినట్టు గది వైపే తిరిగి ఉన్నాయి.