పేర్లు రాయక్కర్లేదు

గ్లెనిస్ పాస్కో ఆ గ్యాస్ ప్లాంటులో చేరి పంతొమ్మిదేళ్ళయింది. పడమటి ఆస్ట్రేలియాలో కర్రాతా ఊరికి అవతల, ఎర్రమట్టి గుట్టలు సముద్రంలోకి దిగే చోట ఉంటుంది ఆ ప్లాంటు. కంట్రోల్ రూములో ఆమె కుర్చీ మారలేదు గానీ పక్క కుర్చీల్లో మనుషులు మారుతూనే ఉన్నారు. ఒకరికి పని నేర్పి, ఏ అలారం ఎందుకు మోగుతోందో చెవితోనే పట్టుకోవడం అలవాటు చేసి, ఇక ఫరవాలేదనుకునేసరికి వాళ్ళు సంచి సర్దుకునేవాళ్ళు. ఆ ఏడాది ఆమె షిఫ్టు ఒక్కదాంట్లోంచే పదకొండుమంది వెళ్ళిపోయారు. ఒకతనైతే ఎవరికీ చెప్పను కూడా చెప్పలేదు. హెల్మెట్ కుర్చీలో పెట్టి విమానం ఎక్కేశాడు.

మిగిలినవాళ్ళు ఇద్దరి పని ఒక్కరు చేస్తూ వచ్చారు. వరసగా పద్నాలుగు రోజులు, రోజుకి పన్నెండు గంటలు.

పెర్త్‌లోని హెడ్డాఫీసు ఒక ప్రశ్నల పత్రం పంపింది. ఉద్యోగం ఎలా ఉంది, పై అధికారులు మీ మాట వింటారా, ఇంకో ఏడాది ఉంటారా అని. కంప్యూటర్లో నింపాలి, పేర్లు రాయక్కర్లేదు. మూడు వారాలైనా ఆ షిఫ్టులో ఒక్కరూ దాని జోలికి పోలేదు.

అప్పుడు ఒక ఆదివారం పొద్దున్న రోరీ కిన్సెల్లా గ్లెనిస్ ఇంటికొచ్చాడు. అతను ప్లాంటు మేనేజరు. కానీ ఆమెకి మేనేజరుగా ఎప్పుడూ అనిపించలేదు. ఇద్దరూ ఒకే నెలలో చేరి, తొమ్మిదేళ్ళు పక్కపక్కన కూర్చుని పనిచేశారు. ఆమె భర్త కోల్‌కి గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆమె షిఫ్టులన్నీ రోరీయే చేశాడు. అందుకే అతను పెరటి తలుపు తోసుకొచ్చి, ఫ్రిజ్ తెరిచి, తన టీ తనే కలుపుకుంటుంటే ఆమె కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు.

"ఏంటి రోరీ బాబూ, పెద్దవాళ్ళు దారి తప్పి మా గుమ్మం తొక్కారే?"

"ఎగతాళి తర్వాత చేద్దువుగాని. నాకో సాయం కావాలి గ్లెన్." అతను టోస్టు మీద వెజిమైట్ రాసుకుంటూ అన్నాడు. "ఆ పత్రం మీవాళ్ళెవరూ నింపట్లేదు."

"ఎందుకు నింపుతారు? పోయినసారి నింపితే ఏమొచ్చింది? కొత్త కాఫీ మెషిన్. అదీ రెండు నెలలకే పాడైంది."

"ఈసారి అలా కాదు. జనం ఎందుకు పోతున్నారో వాళ్ళ మాటల్లోనే నా చేతికొస్తే పెర్త్‌లో బల్ల గుద్ది అడుగుతాను, షిఫ్టుకి ఇంకో నలుగుర్నివ్వమని. వట్టి చేతులతో వెళ్తే నా మాట ఎవడు వింటాడు?"

"ఎవరేం రాశారో తెలియదు కదా?"

"తెలియదు."

"నా మొహం చూసి చెప్పు."

"నా కూతురి మీద ఒట్టు. నాక్కూడా తెలియదు."

గ్లెనిస్‌కి అది చాలింది.

మర్నాడు టీ విరామంలో ఆమె తన షిఫ్టు వాళ్ళని కూర్చోబెట్టి చెప్పింది. కంప్రెసర్లు చూసే నెరిడా హోల్ట్ బిస్కెట్ కొరుకుతూ, "రోరీ ఏం పెట్టి మేపాడేంటి నిన్ను?" అంది. అందరూ నవ్వారు. నవ్వనిది తవీటా లియోటా ఒక్కడే. సమోవా నుంచి వచ్చి ఎనిమిదేళ్ళుగా అక్కడ ఫిట్టరు. భార్య, నలుగురు పిల్లలతో కంపెనీ ఇచ్చిన ఇంట్లో ఉంటాడు.

"నేను నింపుతాను," అన్నాడు తవీటా. "కంపెనీని నమ్మి కాదు. నువ్వు చెప్పావని."

అతని లావాటి వేళ్ళకి టైపు చేయడం ఓ పట్టాన కుదరదు. తను చెప్తుంటే గ్లెనిస్‌ని కొట్టమన్నాడు. ఇద్దరూ పనిముట్ల గదిలోని కంప్యూటర్లో అతనికొచ్చిన లింకు తెరిచి కూర్చున్నారు. అపియాలో వాళ్ళమ్మ పోయినప్పుడు షిఫ్టుకి మనిషి లేడని సెలవివ్వలేదని చెప్పాడు. ఇచ్చేసరికి ఖననం అయిపోయింది.

"రాయి. మా అమ్మని మట్టిలో పెడుతున్నప్పుడు నేను వాల్వు బిగిస్తున్నాను."

గ్లెనిస్ వేళ్ళు ఆగాయి. "ఇది రాస్తే నువ్వేనని తెలిసిపోతుందేమో."

"తెలియదన్నావుగా?"

"తెలియదులే. రోరీ ఉన్నాడుగా," అంటూ కొట్టేసింది. ఇంకో ఏడాది ఉంటారా అన్న ప్రశ్నకి తవీటా, "ఇలాగే ఉంటే ఉండను. అలాగే రాయి," అన్నాడు.

వారం తిరక్కుండా షిఫ్టులో పంతొమ్మిదిమందీ నింపారు.

పది వారాల తర్వాత, ప్లాంటుని కొత్తగా సర్దుబాటు చేస్తున్నామని ప్రకటన వచ్చింది. ఆ షిఫ్టులోంచి ఆరుగుర్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. పది నిమిషాల మాట, చేతిలో ఒక కవరు, మెడలోని గుర్తింపు కార్డు వెనక్కి. గేటు దాకా పక్కన ఒక గార్డు. నెరిడా తిట్టుకుంటూ వెళ్ళింది. తవీటా ఎవరివైపూ చూడకుండా వెళ్ళాడు. అదే వారం గ్లెనిస్‌ని షిఫ్టు సూపర్వైజరుని చేశారు. రోరీ వచ్చి భుజం తట్టి, "ఎప్పుడో రావాల్సింది నీకిది," అన్నాడు. ఆరుగురు పోయినందుకు బాధపడుతూనే, ఇక కొత్తవాళ్ళని తీసుకుంటారు కాబోలు అనుకుంది ఆమె.

గురువారం మధ్యాహ్నం, సిబ్బంది విభాగం నుంచి ఆమె కొత్త ఉద్యోగం తాలూకు కాగితాలు ఈమెయిల్లో వచ్చాయి. వాటిలో పంపకూడనిది కూడా ఒకటి వచ్చింది. ఎవరో అజాగ్రత్తగా జతచేసినట్టున్నారు. శాండ్‌విచ్ ఒక చేత్తో పట్టుకుని ఆమె అది తెరిచింది.

షిఫ్టులోని పేర్లన్నీ ఉన్నాయి. ఒక్కో పేరు ఎదురుగా 'వెళ్ళిపోయే అవకాశం' అని ఒక గడి. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ. ఆ పక్కన వాళ్ళు పత్రంలో రాసిన మాటలు. ఎక్కువ అని ఉన్న ఆరు పేర్లకీ ఎర్రరంగు పూశారు. లియోటా, తవీటా. మా అమ్మని మట్టిలో పెడుతున్నప్పుడు నేను వాల్వు బిగిస్తున్నాను. ఆమె తన వేళ్ళతో కొట్టిన మాటలు, అక్షరం పొల్లుపోకుండా.

అట్టడుగున ఆమె పేరు. ఎదురుగా: సిబ్బంది నమ్ముతారు. పత్రాలు నింపించడంలో ఉపయోగపడింది. ఉంచుకోవాలి.

ఆమె ఆ కాగితం ప్రింటు తీసి, రోరీ గదికి వెళ్ళి, అతని బల్ల మీద పెట్టింది. చూడగానే అతని మెడ ఎర్రబడింది.

"ఇది నీకెవరు పంపారు?"

"నీ కూతురి మీద ఒట్టేశావు రోరీ."

"కూర్చో గ్లెన్. ముందు విను. ఒక్కొక్కరికీ వేరే లింకు పంపారని, దాంతో ఎవరు రాశారో పట్టుకోవచ్చని నాకు మొదట్లో తెలియదు. పెర్త్‌వాళ్ళు ఈ జాబితా ఇచ్చాకే తెలిసింది."

"తెలిశాక?"

అతను తలుపు మూసొచ్చాడు. "వాళ్ళెలాగూ పోయేవాళ్ళే. వాళ్ళంతట వాళ్ళు మానేస్తే అది నా ప్లాంటు ఖాతాలో పడుతుంది. ఇంతమంది వదిలి పోయారు, ఈ మేనేజరు పనికిరాడు అంటారు. మనమే పంపిస్తే సర్దుబాటు అంటారు. ఇప్పుడు చూడు, మానేసేవాళ్ళ సంఖ్య సగానికి పడింది. పెర్త్‌లో మెచ్చుకున్నారు. వచ్చే ఏడాది మనుషుల్ని అడిగితే ఇస్తారు."

"తవీటాకి కంపెనీ ఇల్లు. నాలుగు వారాల్లో ఖాళీ చేయాలి. పిల్లల బడి ఇక్కడే."

"నాకు మాత్రం బాధ లేదా? నిన్ను మాత్రం కాపాడాను. నీ పేరు ఎక్కడుందో చూశావుగా?"

"చూశాను," అంది గ్లెనిస్. "అందుకే వచ్చాను."

ఆస్పత్రి వరండాలో తన పక్కన కూర్చుని కోల్ కోసం కళ్ళు తుడుచుకున్న మనిషీ ఇతనే. అప్పటి కన్నీళ్ళు అబద్ధం కాదు. అతనిప్పుడు కూడా ఆమె మంచే చూశాననుకుంటున్నాడు.

సాయంత్రం ఆమె తవీటా ఇంటికి వెళ్ళింది. వాకిట్లో అట్టపెట్టెలు, తిరగేసిన పిల్లల సైకిళ్ళు. తవీటా బయటికొచ్చాడు గానీ లోపలికి రమ్మనలేదు. ఆమె కాగితం చేతికిచ్చింది. అతను నిలబడే చదివాడు, తన పేరు దగ్గర రెండుసార్లు.

"నాకు తెలియదు తవీటా. ఈ మధ్యాహ్నందాకా తెలియదు."

"నీకు పదవొచ్చిందని వినగానే, తెలిసే చేశావంది మా ఆవిడ సీనా. కాదన్నాను నేను. మూడు రోజులు పోట్లాడుకున్నాం దీని మీద." కాగితం మడిచాడు. "తెలియదు సరే. కానీ ఆ రోజు నీ వేళ్ళు ఆగాయి. ఎందుకాగాయి?"

కిటికీ వెనక సీనా కర్టెను లాగేసింది.

"కాగితం నీ దగ్గరే ఉంచు. యూనియన్‌కివ్వు," అని మాత్రం చెప్పి గ్లెనిస్ వచ్చేసింది.

సోమవారం పొద్దున్న షిఫ్టు మొదలయ్యే ముందు, అందరూ నిలబడి ఆనాటి పనులు వినే చోట, ఆమె ఇంకో ప్రింటు తీసి చదివింది. ఎవరి మాటలూ చదవలేదు, పేర్లూ రంగులూ చెప్పింది. చివర తన పేరు, దాని ఎదురుగా ఉన్న మాటలూ చదివింది. "నింపమని మీకు చెప్పింది నేను. మీలో ఎవరూ నా దగ్గర పని నేర్చుకోనక్కర్లేదు ఇక," అని కార్డు మెడలోంచి తీసింది. రోరీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "గ్లెన్, తొందరపడకు," అన్నాడు మెల్లగా. ఆమె అతని పక్కనుంచే వెళ్ళింది.

యూనియన్ కేసు వేసింది, ఏడు నెలలు నడిచింది. ఆరుగుర్నీ వెనక్కి తీసుకోమని తీర్పొచ్చింది. వెళ్ళింది ఇద్దరే. ఈలోగా ఆ షిఫ్టులోంచి మరో ఎనిమిదిమంది తమంతట తామే మానేశారు. రోరీని పెర్త్‌కి మార్చారు, ఇంకా పెద్ద పదవికి. వెళ్ళేముందు గ్లెనిస్‌కి ఫోన్ చేశాడు, ఆమె తీయలేదు. ఆమె ఇప్పుడు ఊళ్ళో పురపాలక సంఘం కౌంటర్లో పనిచేస్తోంది, కుక్కల లైసెన్సులు రాస్తుంది.

తవీటా కుటుంబం బన్‌బరీకి వెళ్ళిపోయింది. తీర్పొచ్చిన రోజు అతను ఫోన్ చేశాడు. రెండు మాటలు మాట్లాడి, "సీనా మాట్లాడుతుందట," అన్నాడు.

"కాగితం తెచ్చిచ్చింది మీరే," అంది సీనా. "అది గుర్తుంది మాకు. దానికి ముందు జరిగింది కూడా గుర్తుంది."

"ఉండాలమ్మా," అంది గ్లెనిస్.

పిల్లలు ఏదో గొడవ పడుతున్నారు అవతల. సీనా వాళ్ళని గదమాయించి, ఫోన్ పెట్టకుండా, పెద్దది ఈత పోటీల్లో గెలిచిందని చెప్పింది.