కుక్కర్లో ఉడికిన నాలుక

నేను ఒక పంపుని. బోరింగు పంపుని కాను, పెట్రోలు పంపుని అసలే కాను. తల్లి దగ్గర తీసుకుని బిడ్డకు పంపుతాను కాబట్టి పంపుని. నా ఒంట్లో ఒక గరాటు, ఒక చేతిపిడి, కింద ఒక సీసా, మధ్యలో కాసంత తెల్ల రబ్బరు నాలుక ఉన్నాయి. పిడి నొక్కితే నాలుక మూసుకుని గాలి లాగుతుంది. వదిలితే తెరుచుకుని పాలు సీసాలోకి జారుతాయి. మనుషుల్లో నాలుక ఉన్నవాళ్ళంతా అవసరం ఉన్నా లేకపోయినా మాట్లాడతారు. నాకు నాలుక ఉంది గాని మాట లేదు. ఈ కథలో నా భయమంతా అక్కడే ఉంది.

నేను పుట్టింది ఊరూ పేరూ తెలియని ఒక ఫ్యాక్టరీలో. పెరిగింది రాజమండ్రిలో, ఒక మందుల షాపు వెనక అరలో, దగ్గు మందుకీ నడుంనొప్పి పట్టీకీ మధ్య. అమ్మే రోజున షాపాయన నన్ను న్యూస్‌పేపర్లో నాలుగు చుట్లు చుట్టి, అటూ ఇటూ చూసి, బల్ల కింద నుంచి అందించాడు. సారా సీసాని కూడా అంత గుట్టుగా అమ్మరు. ఊరు ఊగడానికి తాగేదానికి రంగు లైట్ల బోర్డు, ఉయ్యాల్లో బిడ్డ తాగేదానికి ఇంత సిగ్గు!

నన్ను కొన్నది విజయభారతి అనే టీచరు. పాపం, ఆవిడ పనిచేసే బడిలో గదులన్నిటికీ కిటికీలున్నాయి, కిటికీలన్నిటికీ పిల్లలున్నారు. అందుకని డబ్బా మూత తీయకుండానే ఆవిడ బిడ్డ పాలు మానేసింది. చివరికి నన్ను తను రోజూ ఎక్కే బస్సు కండక్టరు చేతిలో పెట్టింది.

"ఉంచుకో వేణీ. నాకెలాగూ అక్కరకు రాలేదు. కొత్తదే, డబ్బా కూడా విప్పలేదు."

అలా నేను వీరవేణి పాలబడ్డాను. అక్షరాలా పాలబడ్డాను.

వీరవేణి గొంతు బస్సు హారన్ కన్నా ముందు పరిగెత్తేది. కాన్పు సెలవు అయిపోయి అప్పుడే డ్యూటీలో చేరింది. చేరక తప్పలేదు. మొగుడు దొరబాబు కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టు మీద నుంచి పడి కాలికి రాడ్డు వేయించుకున్నాడు. అప్పట్నుంచి ఆయన కర్ర మీద నడుస్తున్నాడు, ఇల్లు ఆమె జీతం మీద నడుస్తోంది. కూతురు మౌనికకు ఐదో నెల. పేరుకే మౌనిక. ఏడిస్తే వీధి చివర కుక్కలు లేచి కూర్చునేవి.

డ్యూటీలో చేరకముందు ఆ పిల్లకు డబ్బాపాలు అలవాటు చేద్దామని చూశారు. రెండు పూటల్లో వాంతులు, ఒళ్ళంతా దద్దుర్లు. డాక్టరమ్మ చూసి, "ఈ పిల్లకి ఇవి పడట్లేదు. కొన్నాళ్ళు తల్లిపాలే పట్టండి, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దు" అని గట్టిగా చెప్పింది. అంటే, అమ్మ బస్సులో తిరిగే ఆ పగలంతా పిల్ల బతుకు నా పిడి మీద ఆధారపడింది. ప్లాస్టిక్ గుండెకు ఇంత బరువు మోపితే వణకదా చెప్పండి?

డిపోలో పాత టైర్లు పడేసే గదికి లోపల గొళ్ళెం ఉంది. మా ఇద్దరికీ అదే సరిపోయింది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య వీరవేణి లోపలికొచ్చి, టైరు మీద కూర్చుని, సెల్‌ఫోనులో కూతురి ఫోటో చూసుకునేది. మొదట ఏమీ రాదు. పిల్ల బోసినవ్వు కాసేపు చూశాక ఒక్కసారిగా జల్లు మొదలయ్యేది. మనిషి పాలకి కుళాయి ఎక్కడో కళ్ళల్లో ఉందని నాకు అప్పుడు తెలిసింది.

తలుపు అవతల నుంచి డ్రైవరు సత్తిబాబు కేకేసేవాడు. "ఏటమ్మా వేణీ, లోపల కిచకిచమంటంది? టైరుకి గాలి కొడతన్నావేటి?"

"గాలి కాదు బాబాయ్, నా కూతురికి కేరేజీ కడతన్నాను!"

"అయితే బేగా కట్టు. నీ కూతురికన్నా పేసింజర్లే ఎక్కువ ఏడుస్తన్నారు!"

పాలు ఐసు ముక్కల మధ్య, వెడల్పు మూతి ఫ్లాస్కులో ఇల్లు చేరేవి. మర్నాడు పగలు వాటిని పిల్లకు పట్టేది అత్తగారు నూకరత్నం. నేను గడగడలాడింది ఆవిడ చేతిలోనే. చెడ్డ మనిషై కాదు, మరీ మంచి మనిషై.

వయసులో ఉండగా నూకరత్నం నాట్లకు వెళుతూ తన మొదటి కొడుకుని పక్కింట్లో వదిలిపెట్టేది. వాడికి సీసాపాలు పట్టారు. సీసా ఎవరూ సరిగ్గా కడగలేదు. విరేచనాలు పట్టుకుని వాడు వారం తిరక్కుండా పోయాడు. ఆ తర్వాత దొరబాబు పుట్టాడు, పెరిగాడు, చెట్టెక్కాడు, పడ్డాడు కూడా. ఆవిడ భయం మాత్రం ఆ సీసా దగ్గరే కూర్చుని ఉంది.

నన్ను వేడినీళ్ళలో కాసేపు ఉంచి తీస్తే చాలని కోడలు చెప్పింది. నూకరత్నం నమ్మలేదు. "ఆయ్, ఏణ్ణీళ్ళకి పురుగు చస్తాదేమో గాని, మూడు ఇజిల్స్‌కయితే దాని వంశమే చస్తాది" అని తీర్పు చెప్పి, కోడలు డ్యూటీ దిగి ఒళ్ళెరక్కుండా పడుకోగానే నన్ను కుక్కర్లో పెట్టేది. కింద గిన్నెలో కందిపప్పు, పై గిన్నెలో నేను. తప్పు చేస్తే పప్పులో కాలేశాడంటారు. ఆవిడ నన్ను ఏకంగా పప్పు మీదే వేసింది. లోపల చీకటి, ఆవిరి, ఒత్తిడి. నా గరాటూ సీసా గట్టి పిండాలు, తట్టుకున్నాయి. మొదటి విజిల్‌కి నాలుక ముడుచుకునేది. రెండోదానికి బిగుసుకునేది. మూడోదానికి నాకు దేవుడు కనపడేవాడు. పగలు బస్సులో కండక్టరమ్మ విజిల్, రాత్రి ఇంట్లో కుక్కరు విజిల్. ఆ విజిల్‌కి బస్సు కదిలేది, ఈ విజిల్‌కి నా ప్రాణం కదిలేది.

ఒక రాత్రి నాలుక కొసన సన్నటి చీలిక పడింది.

వెంట్రుకంత చీలిక. కంటికి ఆనదు. కానీ గాలికి ఆ సందు చాలు. మర్నాడు టైర్ల గదిలో వీరవేణి పిడి నొక్కింది. కిచ్, కిచ్. చప్పుడు అదే, పట్టే లేదు. రోజూ సీసా మెడ దాకా వచ్చే పాలు సగం దగ్గర ఆగిపోయాయి. రెండ్రోజులకి అడుగు తడిసింది, అంతే.

ఆమెకు పాలు పోతున్నాయి. నాకేమో పాలుపోవడం లేదు. "తల్లీ, నీలో ఉన్నాయి, నాకే లాగడం చేతకావడం లేదు!" అని అరవాలని ఉంది. ఏ నాలుకతో అరవను? ఉన్న ఒక్కటీ చిరిగిపోయింది కదా!

మనుషులు చిత్రమైనవాళ్ళు. బస్సు ఆగితే ఇంజను చూస్తారు, లైటు ఆరితే ఫ్యూజు చూస్తారు. ఆడదాని పాలు తగ్గితే మాత్రం ఆడదాన్నే చూస్తారు. "దిష్టే, పాలదిష్టి!" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. బాలింతకు పాలు పడతాయని పాలసొర చేప తెచ్చి పుట్టు వండారు. వెల్లుల్లి కారం ముద్దలు ముద్దలుగా తినిపించారు. పాపం టికెట్ అడగడానికి నోరు తెరిస్తే ముందు సీటువాడు కిటికీ తెరిచేవాడు.

అసలు భయం అది కాదు. పాలు బావి నీళ్ళలాంటివి, తోడితేనే ఊరతాయి. నేను తోడలేక వదిలేసిన కొద్దీ ఊట నిజంగానే వెనక్కి పోతోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే జరిగితే, లేని జబ్బు ఉన్న జబ్బే అవుతుంది. వీరవేణి రొమ్ములో గడ్డలు తడుముకుని, "లోపలే ఎండిపోతన్నాయి అత్తా" అని గొంతు లేకుండా అంది. ఆ గొంతు అంత చిన్నగా పలకగలదని అప్పటిదాకా నాకు తెలియదు. ఆసుపత్రికి వెళితే 'అవును, అయిపోయాయి' అంటారేమోనని వెళ్ళలేదు. సాయంత్రం పిల్ల రొమ్ము పట్టి గుటుక్కు గుటుక్కుమని మింగుతున్నా ఆమెకు వినపడేది కాదు. భయం అంతకంటే గట్టిగా మాట్లాడుతోంది మరి. పగలు చాలక మౌనికకు చెంచాతో గంజితేట పట్టారు. పిల్ల బుగ్గలు జారాయి. ఏడుపు కూడా సన్నగిల్లింది. వీధి కుక్కలు లేవడం మానేశాయి. ఆ ఇంట్లో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ నిశ్శబ్దమే.

"ఉజ్జోగం మానేసి ఇంట్లో కూకుంటాను" అంది వీరవేణి.

దొరబాబు తన కాలు వైపు చూసుకున్నాడు. "మానేయ్. ముందు పిల్ల బతకాలి. మనం ఏదోటి తిందాంలే" అన్నాడు. ఆ ఏదోటి ఏమిటో ఇద్దరికీ తెలియదు. మర్నాడు డ్యూటీ దిగాక కాగితం రాసి ఇచ్చేద్దామనుకున్నారు.

ఆ మర్నాడు కాలవగట్టు రోడ్డు మీద కొబ్బరికాయల లారీ బోల్తా పడింది. మనుషులకేమీ కాలేదు గాని రోడ్డంతా కాయలే. ముందు బస్సులు, వెనక బస్సులు, మధ్యలో మేము. పొద్దు నడినెత్తిన ఉంది. టైర్ల గది ఎక్కడో ఉంది. వీరవేణి రొమ్ములు రాళ్ళయ్యాయి, ఒంట్లో చలి మొదలైంది. కమ్మీ పట్టుకుని నిలబడి పళ్ళు కొరుక్కుంటోంది.

ముందు సీట్లో తమలపాకుల బుట్టతో కూర్చున్న పెద్దావిడ ఆమె జాకెట్టు మీద తడి చూసింది. "పాలు సేపినట్టున్నాయి. పసిబిడ్డ తల్లివా అమ్మా?"

"అవునండి మామ్మగారూ. పిండుకోవాలి. ఎక్కడ పిండుకోను, ఇంతమందిలో!"

"సిగ్గేటమ్మా! పాలు తాగకుండా పెరిగినోడు ఈ బస్సులో ఎవడైనా ఉన్నాడా?" అని ఆవిడ లేచింది. "ఒరే మగోళ్ళూ, దిగండి! దిగి ఆ కాయలేరండి, దారన్నా తెరుచుకుంటాది!"

సత్తిబాబు మగవాళ్ళందరినీ గొర్రెల్లా తోలుకుపోయాడు. ఆడవాళ్ళు కొంగులు పట్టి వెనక సీటు చుట్టూ గోడ కట్టారు. వీరవేణి నన్ను సంచిలోంచి తీసింది. నేను వణుకుతున్నాను. కిచ్. కిచ్. నాలుగు చుక్కలు.

"అయిపోయినియ్యి" అంది వీరవేణి. "నా పిల్ల పాలు అయిపోయినియ్యి మామ్మగారూ." నన్ను పక్కన పడేసింది. నొప్పి తట్టుకోలేక, ఇంక ఏ ఆశా లేకుండా, అరచేత్తో రొమ్ము అదిమి పట్టుకుంది.

చర్రుమని ఒక తెల్లటి ధార లేచి బస్సు అద్దానికి కొట్టుకుంది.

అద్దం మీద పాలు కిందికి జారుతున్నాయి. వీరవేణి మళ్ళీ నొక్కింది. మళ్ళీ ధార. "ఓర్నాయనో, ఫ్లాస్కు! ఫ్లాస్కు పట్టండే!" అని పెద్దావిడ కేకేసింది. కొంగుల గోడ కకావికలై మళ్ళీ కట్టుకుంది. నెమ్మదిగా, చేత్తోనే, గడ్డలు కరిగేదాకా పిండింది. ఏడుస్తూ పిండింది. తర్వాత నన్ను చేతిలోకి తీసుకుని, విప్పి, నాలుకని వెలుగుకి పట్టి వంచి చూసింది. చీలికలోంచి ఆకాశం కనపడింది.

ఆ సాయంత్రం కాగితం రాయలేదు. ఇంటికొచ్చి, నాలుకని అత్తగారి అరచేతిలో పెట్టింది. "పాలున్నాయి అత్తా. చెడింది ఇది. ఉడికిపోయినట్టుంది."

నూకరత్నం దాన్ని వేలితో వంచి చూసింది. "రోజూ కుక్కర్లో పెట్టానే" అంది. "పురుగు చావాలని పెట్టాను. అప్పుడు నా కొడుక్కి, ఇప్పుడు దీనికి, నేనే సేశానేటే?"

వీరవేణికి కోపం రాలేదని చెప్పను. వచ్చింది, గొంతు దాకా వచ్చింది. అంతలో ముసలామె చేతులు చూసింది. అవి నాకన్నా ఎక్కువ వణుకుతున్నాయి. పిల్లని తెచ్చి ఆ చేతుల్లోనే పెట్టింది. "పట్టుకో. ఫ్లాస్కు నిండా తెచ్చాను. నువ్వే పట్టు."

నేను వచ్చిన డబ్బాలో నూకరత్నం సూదులూ దారాలూ దాచుకుంటోంది. దాని అడుగున, చిన్న కవరులో, కొత్త నాలుక మొదట్నుంచీ ఉంది. మూత తీసినప్పుడు దాన్ని బొత్తామనుకుని అందులోనే వదిలేశారట! కొత్త నాలుకతో నేను మళ్ళీ పనిలో చేరాను. పాలు ఒక్క రోజులో రాలేదు. వీరవేణి టీ మానుకుని, కబుర్లు మానుకుని, సందు దొరికినప్పుడల్లా టైర్ల గదికి పరిగెత్తింది. భయం భయంగానే ఊట తిరిగొచ్చింది. మౌనిక మళ్ళీ ఏడ్చింది. వీధి కుక్కలు మళ్ళీ లేచాయి. అంత చక్కటి సంగీతం నేను ఎన్నడూ వినలేదు.

ఇప్పుడు మౌనిక అన్నం తింటోంది. నా పిడి, సీసా పాత సామాన్ల అబ్బాయి బుట్టలోకి వెళ్ళిపోయాయి. గరాటు మాత్రం వంటింటి అరలో మిగిలింది. సీసాల్లోకి నూనె వంచడానికి పనికొస్తుంది. ఒకప్పుడు పాలూ, ఇప్పుడు నూనే. జిడ్డు బతుకే గాని బతుకే కదా. అప్పుడప్పుడు మౌనిక నన్ను లాగి నోటికి పెట్టుకుని "పోం పోం" అని ఇల్లంతా బస్సు తోలుతుంది.

పొయ్యి మీద కుక్కరు ఇప్పటికీ కూస్తుంది. కూసినప్పుడల్లా నేను ఉలిక్కిపడతాను. ఆ వెంటనే నూకరత్నం ఎక్కడున్నా వచ్చి, చెయ్యి చాపి, అరలో నన్ను తడిమి, అక్కడే ఉన్నానని తేల్చుకున్నాక గాని పొయ్యి కట్టదు.