తలుపున్న టబ్

శనివారం పొద్దున్నే స్నానాలగదిలో మోకాళ్ళ మీద కూర్చుని, టైల్స్ సందుల్లో పట్టిన నల్లటి పాచిని పాత పళ్ళబ్రష్షుతో రుద్దుతున్నాను. వచ్చే నెలలో పగలగొట్టేయబోయే టైల్స్ అవి. అయినా రుద్దుతున్నాను. సోమవారం కొలతలు తీసుకోవడానికి ప్లంబర్ వస్తాడు. ఆ పాచి చూసి ఏమనుకుంటాడో అని భయం. అతను అనుకునేది నా గురించే తప్ప మా ఆయన ఓన్నో గురించి కాదు కదా.

ఓన్నో టీ కప్పుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "తొందరగా కానీయ్ ఫ్రౌకె, టబ్బుల షాపు మధ్యాహ్నానికే మూసేస్తారు. ఎలాగూ పగలగొట్టేవే కదా, వాటికెందుకు అంత సేవ?"

అతను అన్నది నిజమే. కాకపోతే పెళ్ళయిన ఈ ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ బ్రష్షు ఎక్కడుంటుందో అతనికి ఒక్కసారీ తెలియలేదు.

లేర్ ఊళ్ళో మా ఇల్లు ఓన్నో వాళ్ళ నాన్న కట్టించింది. ఆయన పెట్టించిన పచ్చ టబ్ కింద గొట్టం కుళ్ళి, చలికాలమంతా వంటింటి కప్పు కారింది. టబ్ తీసెయ్యక తప్పలేదు. "పోతే పోయింది, ఈసారి నీకు నచ్చింది ఎంచుకో" అన్నాడు ఓన్నో. నీకు నచ్చింది. ఆ మాట పట్టుకుని రెండు నెలలు బతికాను. పత్రికల్లో బొమ్మలు కత్తిరించి, ఎవరూ తెరవని కేకుల డబ్బాలో దాచుకున్నాను. గోడకి ఆనకుండా విడిగా నిలబడే టబ్, కిటికీ కింద, మెడదాకా నీళ్ళు పట్టేంత లోతు. నా చిన్నప్పుడు శనివారం సాయంత్రం మా ఇంట్లో ఆరుగురికీ ఒక్క టబ్బు నీళ్ళే. ముందు నాన్న, తర్వాత అన్నయ్యలిద్దరూ, తర్వాత అక్కా నేనూ, చివరికి అమ్మ. అప్పటికి ఆ నీళ్ళు బూడిదరంగుకి తిరిగి, పైన సబ్బు తెట్టు కట్టి ఉండేవి. "నాకు చల్లారిన నీళ్ళే హాయిగా ఉంటాయర్రా" అనేది అమ్మ. ఆవిడ పోయేదాకా నేనది నమ్మాను.

షాపులో అమ్మకాలు చూసే బ్రున్కెన్ అనే ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, కాగితం తీసి, ఓన్నో వైపు తిరిగాడు. "ఎక్కువగా ఎవరు వాడతారండీ?"

"మా అమ్మ" అన్నాడు ఓన్నో.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను.

"అమ్మకి ఎనభై నాలుగు. పక్కన తలుపు ఉంటుందట చూడండి, అలాంటిది చూపించండి. గట్టు ఎక్కి దిగే పని లేకుండా."

"మీ అమ్మ ఎందుకు వాడుతుంది?" అన్నాను.

ఓన్నో గొంతు తగ్గించాడు. "నీకు చెబుదామనే అనుకున్నాను. మొన్న నేనూ మా చెల్లి ఇన్సా ఫోన్లో మాట్లాడుకున్నాం. పడిపోయిన దగ్గర్నుంచీ అమ్మ ఒక్కతే ఉండటం మంచిది కాదు. ఆగస్టులో మనింటికి తెచ్చేద్దామని."

"ఇన్సా ఇంట్లో స్నానాలగది లేదా?"

"ఇన్సాకి ఉద్యోగం కదే."

"నాకూ ఉంది."

"అదే నేననేది. నీకు అలవాటైన పనేగా? రోజూ చేసేదే. ఇంకొకరు ఎక్కువ, అంతే."

ఇంకొకరు ఎక్కువ. వృద్ధాశ్రమంలో నా పొద్దు ఆరింటికి మొదలవుతుంది. పదింటిలోపు తొమ్మిదిమందిని లేపి, కడిగి, తుడిచి, బట్టలు తొడగాలి. ఇరవై ఒక్క ఏళ్ళుగా చేస్తున్నాను, చెడ్డపనని ఎన్నడూ అనుకోలేదు. కానీ భుజం నొప్పితో కుడి చెయ్యి ఇప్పుడు చెవి దాకా లేవదు. ఇంటికొచ్చాక నాకు మాత్రం నిలబడి ఐదు నిమిషాల షవరే. దానికో కథ ఉంది. మా అమ్మాయికి మూడో నెలప్పుడు ఒకరోజు, పిల్లని అత్తగారు హిల్కె చేతికిచ్చి టబ్‌లోకి దిగాను. పిల్ల ఏడ్చింది. ఆవిడ తలుపు తట్టకుండా తోసుకుని వచ్చి, నన్ను పైనుంచి కిందికి చూసి, "తల్లయ్యాక కూడా తీరిగ్గా నీళ్ళలో పడుకునే ఆడదాన్ని ఇప్పుడే చూస్తున్నాను" అంది. జుట్టులో సబ్బు అలాగే ఉండగా లేచి పాలిచ్చాను. మళ్ళీ ఆ టబ్‌లో పడుకోలేదు. ఆదివారం ఆదివారం తోమాను, అంతే.

బ్రున్కెన్ కారు తలుపు తీసినట్టు టబ్ తలుపు తీసి చూపిస్తున్నాడు. లోపల తెల్లటి పీట, పట్టుకోవడానికి కడ్డీ. "చాలా సుఖమండీ" అన్నాడు ఓన్నోతో.

"సుఖం ఎవరికండీ?" అన్నాను. "తలుపు మూశాకే కదా నీళ్ళు వదలాలి. అవి నిండేదాకా ముసలావిడ బట్టల్లేకుండా చలికి వణుకుతూ కూర్చోవాలి. అయ్యాక నీళ్ళన్నీ పోయేదాకా మళ్ళీ కూర్చోవాలి, లేకపోతే తలుపు తెరవకూడదు. అంతసేపూ పక్కన నిలబడి భుజాల మీద తువ్వాలు కప్పే మనిషి ఈ టబ్‌తో పాటు వస్తుందా?"

బ్రున్కెన్ టబ్ తలుపు మెల్లగా మూసేశాడు. ఓన్నో మెడ ఎర్రబడింది.

నేను బూట్లు విప్పాను. రెండు వరసల అవతల కిటికీ పక్కన నా టబ్ ఉంది. కేకుల డబ్బాలో దాచుకున్న బొమ్మే, అచ్చంగా. కోటుతో సహా అందులోకి దిగి పడుకున్నాను.

"ఫ్రౌకె! జనం చూస్తున్నారు."

"చూడనీ."

తల వెనక్కి వాల్చాను. మెడకి ఆనింది. పాదాలు సరిగ్గా అవతలి చివర తాకాయి. భుజం నొప్పి కాసేపు ఎక్కడికో పోయింది.

"ఇది" అన్నాను.

"మరి అమ్మ?"

"అమ్మని అడిగావా?"



మర్నాడు ఇద్దరం టీకి హిల్కె ఇంటికి వెళ్ళాం. ఆవిడ కప్పుల్లో పటికబెల్లం వేసి వేడి టీ పోసింది. ఆ వేడికి పటికబెల్లం చిటపటమని చప్పుడు చేసేదాకా మా వైపు ఎవరూ మాట్లాడరు. కప్పు అంచున చెంచాతో మీగడ వదిలాక నేనే విషయం చెప్పాను. తలుపున్న టబ్ గురించీ, ఆగస్టు గురించీ.

"నాకు చెప్పకుండా నన్ను మోసుకుపోతారా? నేనేమన్నా బీరువానా?" అంది హిల్కె కొడుకుతో. "కాలవ పక్క అద్దె ఇళ్ళున్నాయిగా, నర్సులు వచ్చి చూసుకునేవి. పోయిన నెలే అక్కడ పేరు రాయించుకున్నాను."

"ఎందుకమ్మా? ఇంట్లో ఫ్రౌకె ఉందిగా!"

"అందుకే." ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వు నన్ను కడగడానికి నేనొప్పుకోను."

నాకు చురుక్కుమంది. "నా చేతులకేమైంది?"

"నీ చేతులకేం, మంచివే. ఊళ్ళో అందరూ చెబుతారు. కానీ ఒకప్పుడు నీ మీదకి తలుపు తోసుకుని వచ్చిందాన్ని నేను. ఇప్పుడు నీ ముందు ఒంటిమీద నూలుపోగు లేకుండా కూర్చోవాలా? జీతం తీసుకునే మనిషైతే పని చేసుకుని పోతుంది. ఆమె మొహంలో నేనేమీ వెతుక్కోనక్కర్లేదు."

క్షమించమని ఆవిడ అనలేదు. అనాలని నేను ఎదురుచూడనూ లేదు. ఇన్నేళ్ళూ నాకొక్కదానికే గుర్తుందనుకున్న రోజు ఆవిడకీ గుర్తుందని తెలిసింది. రెండో కప్పు పోస్తే తాగాను.

తిరిగివస్తూ కారులో ఓన్నో అందుకున్నాడు. "నువ్వే ఆవిడకి ఎక్కించావు. ఎవరో పరాయివాళ్ళు వచ్చి అమ్మని ముట్టుకోవడమేంటి, మనం ఉండగా?"

"మనం కాదు, నేను ఉండగా. సరే, తలుపున్నదే పెట్టించుకుందాం. నువ్వు చేయించు మీ అమ్మకి స్నానం. రేపు మా ఆశ్రమానికి రా, నేర్పిస్తాను. నడుం ఎక్కడ పట్టుకోవాలో, తొడల మధ్య చర్మం ఒరుసుకుపోకుండా ఎలా తుడవాలో."

"ఏం మాటలే అవి! మగవాణ్ణి. కన్నతల్లిని ఎలా... సిగ్గుండద్దూ?"

"ఇరవై ఒక్క ఏళ్ళుగా పొద్దున్నే పరాయి మగవాళ్ళని కడిగి, సాయంత్రం నీకు వండి పెడుతున్నాను. నాకు సిగ్గేస్తుందేమోనని ఒక్కనాడు అడిగావా?"

అతను గేరు మార్చి కారుని వంతెన ఎక్కించాడు. ఆ ప్రశ్న నాకు నేనైనా ఎన్నడూ వేసుకోలేదని అప్పుడే తట్టింది.

సోమవారం ప్లంబర్ వచ్చాడు. అలవాటుగా "మీ ఆయన లేరా?" అన్నాడు. "టబ్ నాది, నాతో మాట్లాడండి" అన్నాను. కిటికీ కింద సుద్దతో గీత గీసి చూపించాను. మధ్యాహ్నం షాపుకి నేనే ఫోన్ చేసి, నా పేరు మీద ఆర్డరు రాయించాను.

సాయంత్రం ఓన్నో వంటింట్లో నేను ఆర్డరు, కొలతలు రాసిపెట్టుకున్న కాగితం తీసి చాలాసేపు చూశాడు. కోపం తగ్గినట్టుంది. రాజీకి వచ్చినప్పుడు నవ్వే నవ్వొకటి ఉంది అతనికి, అది నవ్వాడు.

"బాగానే ఉంది. ఇద్దరం పడతామా ఇందులో?"

"పట్టం" అన్నాను. "ఆ కొలత చూసే ఎంచుకున్నాను."