తొట్టి చుట్టూ పచ్చ గట్టు

మా స్నానాల తొట్టి గల్లీలోకి పడవలా వచ్చింది. ఇద్దరు హమాలీలు దాన్ని బోర్లించి తలల మీద పెట్టుకున్నారు. వాళ్ల ముఖాలు కనిపించడం లేదు. కింద నాలుగు కాళ్లు, పైన తెల్లటి పడవ. పురానాపూల్ దిక్కు నుంచి అది మా మలుపు తిరుగుతుంటే ఆటోలు ఆగిపోయాయి. నేను మేడ మీద పిట్టగోడ పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పెళ్లయి ఇంకా మూడు నెలలు కాలేదు. ఈ మధ్య నాకు ఏది చూసినా నవ్వొస్తోంది.

పెళ్లయిన కొత్తలో మున్నార్ వెళ్లినప్పుడు మా హోటల్ గదిలో ఇలాంటి తొట్టే ఉండేది. అందులో మెడదాకా మునిగి నిద్రపోయాను. "గంట సేపు తలుపు కొట్టిన అనూ. చేపవైపోయినవనుకున్న" అన్నాడు శ్రవణ్ తర్వాత. ఇంటికొచ్చిన నెలకి, నేను అడగకుండానే తొట్టికి ఆర్డర్ ఇచ్చేశాడు.

ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను, శ్రవణ్, అత్తమ్మ సులోచన. ఉన్నది ఒకటే స్నానాల గది. దాని గోడకి అవతల పూజగది.

"నిలిచిన నీళ్లల్ల కూసునుడు ఏం స్నానం బిడ్డా? ఒంటి మురికి మళ్ల ఒంటికేనాయె" అంది అత్తమ్మ తొట్టిని చూడగానే. కాసేపు దాని చుట్టూ తిరిగింది. "సరే, మీ ముచ్చట మీది. కని ఒక్క మాట. గోడ అవతల దేవుడున్నడు. ఆ గోడకు ఒక్క బొట్టు చెమ్మ కనవడ్డదంటే తొట్టి గల్లీలకు పోవాలె. మళ్ల నన్ను అననీకి లేదు."

శ్రవణ్ నా వైపు చూశాడు. అత్తమ్మ ఉత్తినే అనే మనిషి కాదని ఇద్దరికీ తెలుసు. పోయిన ఎండాకాలం శ్రవణ్ తెచ్చిన కూలర్ హాల్లో నీళ్లు కార్చిందట. సాయంత్రానికల్లా అది ఎదురింటివాళ్ల కూలర్ అయిపోయింది.

టైల్స్ మేస్త్రీ నగేష్ అన్న నాలుగు రోజులు పనిచేశాడు. తొట్టి ముందు నడుం కిందిదాకా ఇటుకల గోడ కట్టాడు. అందులో, పైపు చూసుకోవడానికి, పిల్లి పట్టేంత దర్వాజా వదిలాడు. తొట్టి అంచు పక్కన గట్టు కట్టి, పడ్డ నీళ్లు లోపలికే జారేలా కొంచెం వాలు పెట్టాడు. నేను ఏరుకున్న టైల్స్‌ది లేత దోసకాయ లోపలి రంగు. మధ్యాహ్నం పైనున్న చిన్న కిటికీ నుంచి ఎండ పడినప్పుడు ఆ పచ్చదనం గదంతా పాకి, నా చేతుల మీద, నగేష్ అన్న చొక్కా మీద కూడా కదిలేది. నీళ్లు లేకుండానే నీళ్ల అడుగున ఉన్నట్టుండేది. గడప దగ్గర పీట వేసుకుని చూస్తూ కూర్చునేదాన్ని. పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోయాయి.

టైల్ అతికించిన ప్రతిసారీ నగేష్ అన్న తాపీ పిడితో కొట్టి చెవి పెట్టి వినేవాడు.

"డొల్ల మోగిందంటే లోపల గాలున్నట్టు చెల్లమ్మా. గాలున్న కాడికి నీళ్లు దేవులాడుకుంట పోతయి."

అతను వెళ్లిపోయాక నేను కూడా ఒక్కొక్కదాన్నీ వేలితో కొట్టి విన్నాను. ఏదీ డొల్లగా మోగలేదు. మొత్తం ఇల్లే నాకు జవాబిస్తున్నట్టు అనిపించింది.

ఆఖరున మిగిలింది తొట్టికీ టైల్స్‌కీ మధ్య సన్నటి సందు. దాన్ని తెల్ల గమ్ముతో మూయాలి. ముందు తొట్టి నిండా నీళ్లు పట్టమన్నాడు నగేష్ అన్న. "బరువు పడ్డప్పుడు తొట్టి ఓ వెంట్రుకంత కిందికి దిగుతది. దిగినప్పుడే గమ్ము పెట్టాలె. ఖాళీగున్నప్పుడు పెడితే, రేపు నువ్వు కూసున్ననాడు ఊడొస్తది. రేపు మధ్యాహ్నం దాక నీళ్లు ముట్టొద్దు, ఇంట్ల అందరికి చెప్పు."

గమ్ము పెట్టి అతను వెళ్లిపోయాడు. చెప్పాల్సింది నేను. కానీ ఆ సాయంత్రం నిండిన తొట్టి పక్కన కూర్చుని, పచ్చ గట్టు నీళ్లలో తిరగబడి కనిపిస్తుంటే చూస్తూ ఉండిపోయాను. చెప్పడం మరిచిపోయాను.

మా వైపు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. పొద్దున నేను లేచేసరికి వాకిలి తళతళలాడుతోంది. పూలకుండీలు తడిసి ఉన్నాయి. తొట్టిలో చారెడు నీళ్లు మిగిలాయి. బరువు పోగానే తొట్టి పైకి లేచినట్టుంది, గమ్ము ముడతలు పడి ఒక మూల టైల్‌ను వదిలేసింది. సరిగ్గా పూజగది గోడ వైపు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అత్తమ్మ బకెట్ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"నేనే తోడిన. నువ్వు నీళ్లు పట్టి మర్సిపోయినవనుకున్న. నల్లా రాని నాడు గన్ని నీళ్లు ఇడ్సిపెడ్తమా బిడ్డా?"

"మీ తప్పు కాదత్తమ్మా. నేనే చెప్పలే."

నగేష్ అన్న వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. "రేపటి సంది నాకు నయాపూల్ కాడ పని. మళ్ల పది రోజులకే వస్త. నీళ్లేమో రేపటిదాక రావు. ఏంజేద్దాం చెప్పమ్మా?"

పది రోజులా? అప్పటికే అయిదు రోజులుగా వెనక వాకిట్లో చీర అడ్డం కట్టుకుని స్నానాలు చేస్తున్నాం.

అత్తమ్మ తొట్టి వైపు చూసింది. "నీకు కావల్సింది నీళ్లా, బరువా?"

"బరువేనమ్మా."

"గంతేనా! దీనికింత లొల్లి ఎందుకు?" అని ఫోన్ తీసింది. "శ్రవణ్, కందిపప్పు బస్తాలు నాలుగు పట్టుకరా. ఇంటికే. ఎందుకేంది? తెమ్మన్న గద, తే."

మాకు ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల దుకాణం. గంటలో ట్రాలీ ఆటో గల్లీ మొదట్లో ఆగింది. శ్రవణ్ మొదటి బస్తా మోసుకొచ్చి స్నానాల గది గుమ్మంలో ఆగిపోయాడు.

"అమ్మా, పప్పు కడగనీకి ఇంత పెద్ద గిన్నె కావాల్నా?"

"నోర్మూసుకోని మెల్లగ దించు. కింద బొంత పరిసిన, దాని మీద పెట్టు. తొట్టికి గీత పడ్డదంటే చూడు."

నాలుగు బస్తాలూ తొట్టిలో పక్కపక్కనే పడుకున్నాయి. నగేష్ అన్న పాత గమ్మంతా గీకి, తుడిచి, కొత్తది పెట్టాడు. తన వేలితో అంచంతా ఒకే ఊపులో నున్నగా లాగాడు. "రేపు బస్తాలు తీసి, నీళ్లు నింపి, మనిషి కూసోని అర్ధగంట చూడాలె. గోడ పొడిగుంటే పాస్" అని వెళ్లిపోయాడు.

ఆ రోజంతా అత్తమ్మ గడప దగ్గర పీట మీదే కూర్చుని కూర తరిగింది, ఫోన్లు మాట్లాడింది. బట్టలు తడపడానికి నేను అటువైపు అడుగేసినా కళ్లతోనే ఆపేసింది.

మర్నాడు మధ్యాహ్నం నల్లా వచ్చింది. బస్తాలు తీసి తొట్టి నింపాం, గీజర్ వేశాం. ఎండ పడింది, గదంతా పచ్చబడింది. నేను తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేసరికి అత్తమ్మ పాత నూలు చీరలో అడ్డంగా నిలబడి ఉంది.

"నువ్వు నీళ్లల్ల కూసుంటే గోడ ఎవరు చూడాలె? నా కండ్లకు పొర వచ్చింది, చెమ్మ గిమ్మ కనవడదు. పో, నువ్వు గోడ చూడు. నేను కూసుంట."

తూకానికి నిలబడే మనిషిలా ముఖం పెట్టి తలుపేసుకుంది.

పూజగదిలో గోడకి అరచెయ్యి ఆనించాను. చల్లగా తగిలింది. చెమ్మేనా? పక్క గోడ ముట్టుకుంటే అదీ అంతే చల్లగా ఉంది. పేపరు ముక్క తెచ్చి అడుగున నొక్కాను. ఒక్కో నిమిషానికీ ఒక్కో చోట. అవతల మొదట నీళ్లు ఎగిసిన చప్పుడు, "అబ్బా" అన్న మాట. తర్వాత ఏమీ లేదు. చాలాసేపటికి సన్నటి కూనిరాగం. అత్తమ్మ పాడుతుందని నాకు మూడు నెలల్లో తెలియనే లేదు.

అర్ధగంట అయింది. పేపరు కరకరలాడుతోంది.

"అత్తమ్మా! పొడిగుంది! పాసైంది!"

గోడ మీద రెండుసార్లు తట్టాను.

"అత్తమ్మా, లేవొచ్చు!"

అవతల నీళ్లు బద్ధకంగా కదిలాయి.

"తొందరపడకు బిడ్డా. దేవుని గోడ. ఇంకో అర్ధగంట మంచిగ చూడు."

నవ్వు ఆపుకోవడానికి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, ఆ గోడకే వీపు ఆనించి కూర్చున్నాను.

"అనూ," అంది అత్తమ్మ అవతల నుంచి, "గీ వేడినీళ్ల నల్లా ఎటు తిప్పాలె?"