ఏరిన కుప్ప

ఆ పొద్దు వై.ఎన్.హొసకోట మండీలో శ్రీనివాస సావుకారు బస్తాలో చెయ్యి పెట్టలేదు, గింజ కొరికి చూడలేదు. సెల్లు చూసి రేటు కోసేశాడు.

"డాలరు పడిపోయినాదమ్మా. నేనేం చేసేది?" అన్నాడు.

ఎదురుగా హొన్నూరమ్మ, ఇంకో ఇరవైమంది ఆడవాళ్లు చాటలు పట్టుకుని కూర్చున్నారు. వేరుశనగ గింజల్లో తాలు, పుచ్చు, ముక్క ఏరి పక్కనపెట్టి, నిండు గింజను కుప్పలో పోయడం వాళ్ల కూలి. అది ఓడెక్కే సరుకు. పుచ్చు కనబడితే అవతలి దేశంవాళ్లు వెనక్కి తిప్పి పంపుతారు.

ఆ కుప్ప వాళ్ల పంటే. తమ ఊరు బలసముద్రం నుంచి తెచ్చి పోసినప్పుడు, రేటు తర్వాత తేల్చుకుందామన్నాడు సావుకారు. సరేనన్నారు. వాళ్లు చేసిన తప్పు అదే. అందులో హొన్నూరమ్మవి ఎనిమిది బస్తాలు.

గొర్రెలు మేసే బయలంతా సోలారు పలకల కిందికి పోయాక ఆమె గొర్రెలమ్మేసి ఊళ్లో నారప్ప చేను గుత్తకు పట్టింది. ముంగారు తొలకరి వానకు విత్తితేనే చేను ఆమె చేతిలో ఉంటుంది. లేదంటే దాన్నీ సోలారు కంపెనీకి రాసిస్తానని నారప్ప తేల్చి చెప్పాడు. ఈ రేటుకు వచ్చే డబ్బుతో విత్తనం కూడా రాదు.

మధ్యాహ్నం సంగటి తింటుంటే మాట లేచింది. ఓడ సరుక్కి బయటివాళ్లు కట్టేది డాలర్లని హమాలీ కొల్లప్ప చెప్పాడు. డాలరు పెరిగితే అదే సరుక్కి సావుకారు చేతికి ఎక్కువ రూపాయలు వస్తాయట.

"పోయిన నెల పెరిగినాది కదప్పా. మనకేమిచ్చినాడు?" అంది పక్కన కూర్చున్న ఓబక్క.

"డీజిలు పెరిగిందన్లేదా," అన్నాడు కొల్లప్ప.

"అంటే, పెరిగితే ఆయప్పకి. పడితే మనకి."

ఇచ్చింది తీసుకుని పోదామని సగంమంది అన్నారు. కూలి కూడా పోతుందని భయపడ్డారు. చివరికి అందరూ లేచి, మా బస్తాలు మాకివ్వమని అడగడానికి వెళ్లారు.

సావుకారు నవ్వాడు. "గింజల మీద పేర్లు రాసినారా? మీయేవో ఏరుకోండి పోండి. సాయంత్రానికి లారీ కదలాల. రేపు ఓడ తప్పితే ఈ రేటూ లేదు."

హొన్నూరమ్మ తన చోటికి తిరిగొచ్చింది. నాలుగు రోజులుగా ఏరిన పుచ్చు గంపలో ఉంది. గంప ఎత్తింది. శుభ్రంగా ఏరిన కుప్ప మీద బోర్లించింది.

ఓబక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీ బస్తాలూ పోతాయి కదే."

"యాడుండాయక్కా నాయి?"

ఓబక్క చెయ్యి వదిలింది. తన గంప తెచ్చి పోసింది. తర్వాత ఇంకొకామె, ఇంకొకామె. ఏడుస్తూ పోసినవాళ్లున్నారు. కొల్లప్ప పార తీసుకుని కుప్పను అడుగుదాకా కలిపేశాడు.

సావుకారు గొంతు మారింది. పోయిన వారం రేటే ఇస్తాను, కూర్చుని మళ్లీ ఏరండి తల్లీ అన్నాడు. ఒక్కరూ కూర్చోలేదు.

సావుకారు ఫోను చేస్తే పోలీసు జీపు వచ్చింది. మొదట పోసిందెవరని పోలీసు అడిగాడు. హొన్నూరమ్మ కొంగు బిగించి తానే ఎక్కింది. రేపు నారప్ప కంపెనీ కాగితం మీద సంతకం పెడతాడు. ఆమెకు తెలుసు. గొర్రెలూ లేవు, చేనూ లేదు.

మలుపులో పక్క మండీ గేటు ముందు జీపు నెమ్మదించింది. అక్కడ ఏరే ఆడవాళ్లు రోడ్డు మీదికొచ్చారు.

"ఏమాయనక్కా? మీకెంత చెప్పినాడు?" అని ఒకామె అడిగింది.

హొన్నూరమ్మ రేటు చెప్పింది. నోరు మూసుకొమ్మన్నాడు పోలీసు. ఆమె ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పింది.

"మా సావుకారూ అంతే చెప్పినాడు," అంది ఆ ఆడమనిషి.

జీపు వెళ్లిపోయింది. వాళ్లెవరూ గేటు లోపలికి పోలేదు.