టెంప్‌లో మాత్రం రాయను

ఎనభై ఎనిమిదిలో భూపాలపల్లి గని ఆఫీసుకు యూనిక్స్ అనే కంప్యూటర్ మిషన్ వచ్చినప్పుడు, దినకూలీల్లో పదో తరగతి దాటిన నలుగురిని నేర్చుకోవడానికి పిలిచారు. అప్పటిదాకా నేను ల్యాంపు రూములో, గనిలోకి దిగేవాళ్లకు దీపాలు అందించేదాన్ని. అక్కడ ఎవరి దీపం వాళ్లదే. నంబరు చూసి ఇస్తాం, ఇంకొకరు ముట్టరు. అందుకే కంప్యూటర్ దగ్గరా రోజూ ఒకే తెర ముందు కూర్చునేదాన్ని. రాసింది ఆ డబ్బాలోనే ఉంటుందనుకుని, పోయేటప్పుడు దాని మీద రుమాలు కప్పేదాన్ని.

శుక్రవారం మేనేజర్ వచ్చి మా పని చూస్తారు. చూపించేది లేనివాళ్లు పాత పనికే. ఆ శుక్రవారం పొద్దున కరెంటు పోయి వచ్చింది. తెర వెలిగింది. వారమంతా రాసిన ప్రోగ్రాం లేదు.

"నా డబ్బాలది ఎవరు తీసిన్రు సార్?"

మాకు నేర్పడానికి కోస్తా నుంచి వచ్చిన కృష్ణమూర్తి గారు నవ్వారు. నా మాటను నాలాగే పలికి మిగతా ముగ్గురికి వినిపించారు. వాళ్లూ నవ్వారు. తమ పనీ పోయిందని వాళ్లకింకా తెలీదు.

తర్వాత ఆయన బోర్డు మీద గీశారు. డబ్బాలో ఏమీ ఉండదట. అందరిదీ పక్కగది మిషన్‌లో, తలకిందులైన ఒకే చెట్టుగా ఉంటుందట. అన్నిటికంటే పైన రూట్. దాని కింద కొమ్మలు: ఆదేశాలు ఉండే బిన్, మనుషులకు చోటిచ్చే యూజర్, కాసేపటికి పెట్టుకునే టెంప్. మిషన్ మళ్లీ మొదలైనప్పుడల్లా టెంప్‌ను ఊడ్చేస్తుంది.

మావి ఏ కొమ్మలో పెట్టించారని అడిగాను. టెంప్‌లో అన్నారు. పదిహేను రోజులు నేర్చుకుని పోయే మనుషులకు యూజర్ కింద చోటెందుకని కూడా అన్నారు.

అవమానం నాకెప్పుడూ ముఖంలో వేడిగా మొదలవుతుంది. ఆ రోజు ముఖం చల్లగా ఉంది. చెట్టు మొత్తం అర్థమైంది, అందులో నన్నెక్కడ నిలబెట్టారో కూడా. కొత్తగూడ అడవిలో చెట్లు కొట్టి చేసుకున్న పోడు చేనులో మా నాయిన భీమ్లా వేసిన గుడిసెను ఫారెస్టోళ్లు ఏటా కూల్చేవారు. ఆయన అక్కడే మళ్లీ వేసేవాడు. నాది వేరే మొండితనం. ఊడ్చేసే చోట మళ్లీ వేయను.

మిగతా ముగ్గురూ గబగబా టెంప్‌లోనే మళ్లీ మొదలుపెట్టారు. నేను చేతులు ఒడిలో పెట్టుకున్నాను. మేనేజర్ దత్తాత్రేయ గారు వచ్చి ఖాళీ తెర చూశారు.

"ఏం రాజీ, ఏమీ చేయలేదా?"

"చేసిన సార్. పోయే జాగల పెట్టిచ్చిన్రు. యూజర్ కింద నాకు జాగ ఇయ్యిన్రి, మీ ముంగటనే రాస్త. టెంపుల మాత్రం రాయ."

అది ఇచ్చే అధికారం తన ఒక్కడిదేనని, అడిగినవాళ్లందరికీ ఇచ్చుకుంటూ పోతే ఎలా అని కృష్ణమూర్తి గారు గొణిగారు. మేనేజర్ గడియారం చూసుకున్నారు. షిఫ్టు సైరన్ లోపు అయితే సరే, లేకపోతే సోమవారం నుంచి ల్యాంపు రూమే అన్నారు. కృష్ణమూర్తి గారు నా తెర మీదికి వంగి, నా చోటుకు 'ట్రైనీ' అని పేరు కొట్టబోయారు.

"రాజీ అని పెట్టున్రి సార్."

పెట్టారు. ఎక్కడున్నానని మిషన్‌ను అడిగాను. రూట్ నుంచి యూజర్, యూజర్ నుంచి రాజీ, దారంతా ఒక్క వరుసలో చూపించింది. రాయడం మొదలుపెట్టాను. తప్పు పడ్డచోట చెరిపి మళ్లీ కొట్టాను. సగమైనా కాకముందే సైరన్ మోగింది. టైమైపోయిందని మేనేజర్ తలుపు దగ్గర నుంచి పిలిచారు. మళ్లీ పిలిచారు.

నేను లేవలేదు. తర్వాతి వరుస కొట్టాను.